టచ్ స్క్రీన్ పలకడం మానేస్తే: తప్పు ఎక్కడుందో పట్టుకున్న తీరు

నేను విశాఖపట్నంలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. కొందరు మా ఇంటికే వస్తారు, మధురవాడ, గాజువాక లాంటి దూరాల్లో ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో కూర్చుంటారు. వాళ్లందరికీ బ్లాక్‌బోర్డు నా టచ్ స్క్రీన్ ల్యాప్‌టాప్, సుద్దముక్క దాని పెన్ను. వర్గ సమీకరణం సాధించేటప్పుడు ఒక్కో మెట్టూ పిల్లల కళ్ల ముందే చేత్తో రాయాలి. టైపు చేసి పెట్టిన లెక్క చూసి అర్థమైందని తలూపుతారు గానీ, మీరు చెయ్యండి అంటే రెండో మెట్టు దగ్గరే ఆగిపోతారు. అందుకే వానలు మొదలైన రోజుల్లో, క్లాసు మధ్యలో ఆ స్క్రీన్ ఉన్నట్టుండి పలకడం మానేస్తే నాకు వచ్చిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

పెన్ను పెట్టి లాగితే గీత పడలేదు. వేలితో నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. బొమ్మ మాత్రం చక్కగా ఉంది. కీబోర్డు, టచ్‌ప్యాడ్, కెమెరా అన్నీ పనిచేస్తున్నాయి. నాలుగు లావుపాటి పుస్తకాలు పేర్చి, వాటి మీద ఫోను కిందికి చూసేలా పెట్టి, కాగితం మీద రాస్తూ ఆ పూటకి క్లాసు నడిపించాను. తర్వాత చాలా రోజులు అలాగే నడిచింది కూడా.

మొదట అందరూ పెన్ను మీదే అనుమానపడతారు. నా పెన్నులో ఉండేది ఏఏఏఏ సైజు బ్యాటరీ. రిమోట్లలో వేసే ఏఏఏ కన్నా సన్నగా ఉంటుంది, వీధి చివరి షాపులో దొరకదు. అయితే దాని కోసం తిరగాల్సిన పని పడలేదు, ఎందుకంటే వేలు కూడా పనిచేయడం లేదు. నా ల్యాప్‌టాప్‌లో పెన్నుకీ వేలికీ సెన్సర్ ఒకటే. వాకమ్ అనే కంపెనీ ఈఎంఆర్ రకం స్క్రీన్లలో మాత్రం పెన్నుకు వేరే పొర ఉంటుంది. అలాంటి వాటిలో పెన్ను రాస్తూ వేలు ఒక్కటే పలకకపోతే వెతకాల్సిన చోటు మారుతుంది. కాబట్టి రెండూ విడివిడిగా చూసుకోండి.

తర్వాత తేలిక పనులు. పూర్తిగా ఆపేసి, కొంచెం తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో స్క్రీన్ తుడిచి ఆరనిచ్చాను. నీళ్లు నేరుగా తెర మీద చల్లకూడదు, అంచుల్లోంచి లోపలికి దిగిపోతాయి. తర్వాత రీస్టార్ట్. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ కొట్టినప్పుడు సిస్టమ్ పూర్తిగా మూతపడదు. కొంత భాగాన్ని డిస్క్‌లో దాచుకుని మళ్లీ దాన్నే లేపుతుంది. రీస్టార్ట్ కొడితేనే అంతా మొదటి నుంచి మొదలవుతుంది. అదీ అయ్యాక, షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకున్నాను. లోపల నిలిచిపోయిన ఛార్జ్ దిగిపోవడానికి ఇది చేస్తారు. కొన్ని ల్యాప్‌టాప్‌లకు దీంతోనే రోగం కుదురుతుంది. నాకు కుదరలేదు.

అసలు టచ్ ఎలా పనిచేస్తుందో ఇక్కడ కొంచెం చెప్పాలి, తర్వాతదంతా దాని మీదే నడుస్తుంది. తెరలో కంటికి కనిపించని విద్యుత్ వాహక గీతలు అడ్డంగా, నిలువుగా ఉంటాయి. సాధారణంగా ఇండియం టిన్ ఆక్సైడ్‌తో చేస్తారు. వేలు పెట్టిన చోట ఆ గీతల మధ్య ఉండే కెపాసిటెన్స్, అంటే విద్యుత్ ఛార్జ్‌ను పట్టి ఉంచే గుణం, కాస్త మారుతుంది. ఒక చిన్న చిప్ ఆ మార్పును కొలిచి, వేలు ఫలానా చోట ఉందని లెక్కగట్టి, కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్ ప్రధాన బోర్డు అయిన మదర్‌బోర్డుకి పంపుతుంది. అక్కడ దాన్ని విండోస్ అందుకుంటుంది. అంటే సెన్సర్, చిప్, కేబుల్, మదర్‌బోర్డు, విండోస్. ఈ ఐదింటిలో ఎక్కడ ఆగిందో తెలియకుండా రిపేరుకి ఇస్తే, వాళ్లకి ఏది మార్చడం సులువో అది మారుస్తారు. దానికి డబ్బు కట్టేది మనం.

విండోస్‌కి టచ్ కనిపిస్తోందా లేదా అన్నది ఒక్క నిమిషంలో తెలుసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్. అక్కడ పెన్ అండ్ టచ్ అని ఒక వరుస ఉంటుంది. టచ్ బాగున్న మెషిన్‌లో ఇన్ని టచ్ పాయింట్లతో సపోర్ట్ ఉందని రాసి ఉంటుంది, చాలా ల్యాప్‌టాప్‌లలో 10. నా దాంట్లో ఈ డిస్‌ప్లేకి పెన్ను గానీ టచ్ గానీ అందుబాటులో లేదు అని వచ్చింది. ఇది కంగారుపడే మాటే అయినా పనికొచ్చే మాట. క్యాలిబ్రేషన్, అంటే వేలి గురి, తప్పిందేమో, సెట్టింగ్ ఏదో మారిందేమో అన్న అనుమానాలన్నీ దీంతో పక్కకు పోయాయి. అసలు పరికరమే విండోస్‌కి కనపడటం లేదు.

ఇక డివైస్ మేనేజర్. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే జాబితాలో ఉంటుంది. హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్ అన్న విభాగంలో హెచ్‌ఐడీ-కంప్లయంట్ టచ్ స్క్రీన్ అనే పేరు ఉండాలి. లేదు. వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ నొక్కితే వెలిసిపోయిన రంగులో కనిపించింది. అంటే ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. కిందికి వెళ్తే యూఎస్‌బీ విభాగంలో పసుపు త్రికోణం, పక్కన అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్, డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్ అని ఉంది. ప్రాపర్టీస్ తెరిస్తే కోడ్ 43 అని ఉంది, పరికరంలో ఏదో లోపముందని విండోస్ దాన్ని ఆపేసినప్పుడు వచ్చే గుర్తు అది.

ల్యాప్‌టాప్‌కి నేను ఏ యూఎస్‌బీ వస్తువూ పెట్టలేదు. మౌస్ లేదు, పెన్‌డ్రైవ్ లేదు. మరి ఈ తెలియని పరికరం ఎవరు? చాలా ల్యాప్‌టాప్‌లలో టచ్ స్క్రీన్, వెబ్‌క్యామ్ లోపల యూఎస్‌బీ దారిలోనే మదర్‌బోర్డుకి కలిసి ఉంటాయి. కొన్నింటిలో ఐ2సీ అనే వేరే దారి ఉంటుంది. నా దాంట్లో టచ్ యూఎస్‌బీ మీదే ఉంది. మదర్‌బోర్డు నువ్వెవరని అడుగుతోంది, అవతలి నుంచి జవాబు సగంలో ఆగిపోతోంది. ఆ పసుపు త్రికోణం చెబుతున్నది అదే.

ఆ పేరు మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ కొట్టి, యాక్షన్ మెనూలో స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ చేంజెస్ నొక్కాను. టచ్ తిరిగొచ్చింది! ఆ సంతోషంలో మర్నాడు చెప్పాల్సిన సరూప త్రిభుజాలన్నీ ఆ రాత్రే గీసి పెట్టుకున్నాను. తెల్లారి క్లాసులో మళ్లీ పోయింది. కరెంటు ఆదా కోసం విండోస్ యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చుతుంది కదా అని, డివైస్ మేనేజర్‌లోని యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లి, అలా నిద్రపుచ్చడానికి ఒప్పుకునే టిక్ తీసేశాను. తయారీ కంపెనీ సైట్ నుంచి నా మోడల్ డ్రైవర్లు, విండోస్ కన్నా ముందు నడిచే బయోస్ ప్రోగ్రామ్ అప్‌డేట్ వేసి చూశాను. ఒకసారి వస్తుంది, ఒకసారి పోతుంది.

ఈలోగా ఇంటా బయటా సలహాలు. అప్‌డేట్ వల్లే అని ఒకరు, వైరస్ అని ఒకరు. మావారైతే "ఒకసారి ఫార్మాట్ కొట్టించెయ్యరాదూ" అన్నారు. ఫార్మాట్ అన్నది మన దగ్గర ప్రతి రోగానికీ చెప్పే మందు. రోగమేదో తెలియకుండా ఆ మందు వేస్తే ఏళ్ల తరబడి నేను తయారుచేసుకున్న ప్రశ్నపత్రాలు, నోట్సు, అమర్చుకున్న సాఫ్ట్‌వేర్ అన్నీ మళ్లీ ఎక్కించుకోవాలి. విండోస్ తప్పేనని రుజువయ్యే దాకా ఫార్మాట్ మాట ఎత్తవద్దని ఆయనకి గట్టిగానే చెప్పాను.

ఆ రుజువు కోసం వెతుకుతుంటేనే ఒక శబ్దం చెవిన పడింది. యూఎస్‌బీ వస్తువు పీకినప్పుడు విండోస్ చేసే రెండు స్వరాల చప్పుడు ఉంటుంది కదా, అది. ఎండ పడుతోందని మూత కొంచెం వెనక్కి వంచాను, అప్పుడు మోగింది. ముందుకు తెచ్చాను, ఈసారి పెట్టినప్పుడు వచ్చే చప్పుడు. పెయింట్ తెరిచి, ఎడమ చేతి వేలితో గీత గీస్తూనే కుడి చేత్తో మూత మెల్లిగా వెనక్కి వాల్చుతూ పోయాను. గీత నున్నగా వస్తూ వస్తూ, మూత నిటారు దాటి కొంచెం వాలగానే టక్కున ఆగిపోయింది. మళ్లీ ముందుకు లాగితే ఒకట్రెండు క్షణాల తర్వాత గీత పడటం మొదలైంది. ఎన్నిసార్లు చేసినా అదే కోణం దగ్గర ఆగింది.

ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. పెయింట్‌లో పైనుంచి కిందికి వేలితో ఒత్తుగా గీతలు గీయండి. ఎప్పుడూ ఒకే పట్టీలో మాత్రం గీత తెగుతుంటే అనుమానం సెన్సర్ పొర మీద. తెర మొత్తం ఒక్కసారే చచ్చి, ఒక్కసారే బతుకుతుంటే అనుమానం కేబుల్, కనెక్టర్ల మీద. మూత కదిపినప్పుడే అలా అవుతుంటే ఇక మడత బందుల దగ్గరే చూడాలి.

నాకు దాదాపు నమ్మకం కుదిరింది గానీ, విండోస్‌ను పూర్తిగా పక్కన పెట్టి చూస్తే తప్ప రుజువు కాదు. మద్దిలపాలెంలో ఉండే మా మేనల్లుడు ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడు రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో, విండోస్‌కి బదులు వాడే ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్ మీద ఎక్కించుకుని వచ్చాడు. వస్తూనే "అత్తా, బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడుంది?" అని అడిగాడు. బిట్‌లాకర్ అంటే డిస్క్‌లోని ఫైళ్లకు విండోస్ వేసే తాళం. బయోస్‌లో ఏదైనా మారిస్తే విండోస్ 48 అంకెల కీ అడిగే అవకాశం ఉంది. అది చేతిలో లేకపోతే మన ఫైళ్లు మనకే అందవు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీ కాగితం మీద రాసుకున్నాకే ముందుకు కదిలాం. ఇది మాత్రం ఎవరూ వదిలేయవద్దు.

పెన్‌డ్రైవ్ నుంచి లేపి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై ఉబుంటు అన్నది ఎంచుకున్నాం. వాడు టెర్మినల్ తెరిచి ఒక కమాండ్ కొట్టాడు. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండె లాంటి కెర్నల్‌లో జరిగేదంతా వరుసల్లో పడుతూ ఉంటుంది దాంట్లో. నేను మూత వాల్చాను. యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అని కొత్త వరుస పడింది. ముందుకు తెచ్చాను, న్యూ యూఎస్‌బీ డివైస్ అని ఇంకోటి. "విండోస్ తప్పు కాదత్తా, సామానులోనే ఉంది" అన్నాడు. మావారు వెనక నిలబడి చూస్తూనే ఉన్నారు. ఫార్మాట్ మాట ఇంట్లో మళ్లీ రాలేదు.

వారంటీ ఉంటే నేరుగా సర్వీస్ సెంటర్‌కే ఇవ్వాలి, బయట విప్పించకూడదు. నాకు వారంటీ అయిపోయింది. ద్వారకా నగర్‌లో కంప్యూటర్ షాపులకు వెళ్లే ముందు ఒక పని చేశాను. హెచ్‌పీ, డెల్, లెనోవో లాంటి పెద్ద కంపెనీలు తమ మోడళ్ల సర్వీస్ మాన్యువళ్లు సైట్‌లోనే ఉచితంగా పెడతాయి. ఏ స్క్రూ ఎక్కడ, ఏ భాగం ఎలా ఊడదీయాలి అన్నదంతా బొమ్మలతో ఉంటుంది, చాలావాటిలో పార్ట్ నంబర్లు కూడా ఉంటాయి. నా మోడల్ మాన్యువల్ దింపుకుని చదివితే రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, నా స్క్రీన్ ఆన్-సెల్ రకం, అంటే టచ్ సెన్సర్ డిస్‌ప్లేలోనే కలిసిపోయి ఉంటుంది, విడిగా మార్చలేరు. రెండోది, స్క్రీన్ నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే కేబుల్ మాత్రం విడి భాగం, దానికి సొంత పార్ట్ నంబర్ ఉంది. బొమ్మ, టచ్ రెండూ ఆ ఒక్క 40 పిన్నుల కేబుల్‌లోనే వెళ్తున్నాయి.

ద్వారకా నగర్‌లో నేను అడిగిన షాపులో కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "టచ్, డిస్‌ప్లే ఒకటే పీసు మేడమ్. స్క్రీన్ మొత్తం మార్చాల్సిందే" అన్నాడు. అతను చెప్పిన ధర కొత్త ల్యాప్‌టాప్ ఖరీదులో మూడో వంతు. కేబుల్ చూశారా అని అడిగాను. "బొమ్మ బాగా వస్తోంది కదా మేడమ్, కేబుల్ బాగుంటేనే కదా వస్తుంది" అన్నాడు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ కేబుల్‌లో బొమ్మకి వేరే తీగలు, టచ్‌కి వేరే తీగలు. ఒక తీగ తెగినంత మాత్రాన మిగతావి ఆగవు. మూత వాల్చి చూపించాను, చూశాడు, అయినా స్క్రీన్ దగ్గరే ఉండిపోయాడు. ధర ఎక్కువనిపిస్తే టచ్ లేని స్క్రీన్ తక్కువలో వేస్తానన్నాడు. టచ్ లేని మామూలు ప్యానెళ్లు చాలావరకు 30 పిన్నులవి, అంటే కేబుల్ కూడా మార్చాలి, పైగా నాకు కావాల్సిన టచ్చే ఉండదు. థాంక్స్ చెప్పి ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకున్నాను.

డాబాగార్డెన్స్‌లో బోర్డు స్థాయి రిపేర్లు చేసే పెద్దాయన ఉన్నారని ఒక విద్యార్థి వాళ్ల నాన్నగారు చెప్పారు. చిన్న గది, బల్ల మీద మైక్రోస్కోపు, విప్పి పెట్టిన బోర్డులు. నేను కథంతా మొదలుపెట్టేలోగా ఆయనే అడిగారు. "మూత కదిపితే పోతందా అమ్మా, కదపకపోయినా పోతందా?" కదిపితేనే అన్నాను. "అయితే తెర జోలికి ఎల్లక్కర్లేదు. ముందు కింద విప్పి చూద్దాం."

అడుగు కవర్ తీసి, అన్నిటికన్నా ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీశారు. డిస్‌ప్లే కేబుల్ మదర్‌బోర్డు దగ్గరి కొన పీకి, మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమన్నారు. వెంట్రుకల్లాంటి సన్నటి పిన్నులు వరుసగా ఉన్నాయి. మధ్యలో కొన్ని బంగారు రంగులో మెరుస్తున్నాయి. ఒక కొసన ఉన్నవి మాత్రం మసకబారి, వాటి మొదట్లో ఆకుపచ్చ పొడి లాంటిది పేరుకుని ఉంది. "సముద్రం దగ్గరా మీ ఇల్లు?" అని అడిగారు. లాసన్స్ బే కాలనీ అన్నాను. "కిటికీ పక్కనే పెట్టుకుంటారేటి? ఆ ఉప్పు గాలికి ఇనప గ్రిల్లే నిలవదు గదమ్మా" అన్నారు. మా ఇంట్లో ఏసీ బయటి యూనిట్ తుప్పు సంగతి నాకు తెలుసు గానీ, ఆ తేమా ఉప్పూ ల్యాప్‌టాప్ కడుపులోకి కూడా వెళ్తాయని అప్పుడే చూశాను.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ముంచిన మెత్తటి బ్రష్‌తో రెండు వైపులా తుడిచి, ఆరాక మళ్లీ బిగించారు. టచ్ వచ్చింది. ముందులాగా అస్తమానూ పోవడం లేదు. కానీ మూత బాగా వెనక్కి వాలిస్తే ఇంకా తెగుతోంది. అప్పుడు స్క్రీన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంచు ఊడదీసి, బందు దగ్గర కేబుల్ చూపించారు. ఇస్త్రీ పెట్టె వైరు ఎప్పుడూ ఒకే వంపు దగ్గర చిట్లినట్టు, అక్కడ పై తొడుగు నలిగి తెల్లబడిపోయింది. తెరిచిన ప్రతిసారీ, మూసిన ప్రతిసారీ మెలితిరిగేది ఆ అంగుళమే. "తుడిస్తే కొన్నాళ్లు నడుస్తాది. కేబుల్ మార్చుకుంటే మళ్లీ రానక్కర్లేదు" అన్నారు. మాన్యువల్‌లో రాసుకున్న పార్ట్ నంబర్ ఇచ్చాను. దాన్ని చూసి ఆయన మొహం విప్పారింది. చాలామంది మోడల్ పేరు మాత్రమే చెబుతారట. ఒకే మోడల్‌లో టచ్ ఉన్నవాటికీ లేనివాటికీ కేబుళ్లు వేరు కాబట్టి తప్పు కేబుల్ తెప్పించుకుని అవస్థ పడతారట.

కేబుల్ వచ్చాక ఫోన్ చేశారు. వెళ్లి దగ్గరుండి బిగింపించుకున్నాను. బందు బిగుతు కూడా కొంచెం వదులు చేశారు, మూత తెరిచేటప్పుడు అక్కడ పడే ఒత్తిడి తగ్గడానికి. డబ్బిచ్చే ముందే పరీక్షలన్నీ అక్కడే చేశాను. అబౌట్‌లో 10 టచ్ పాయింట్లు వచ్చాయి. పెయింట్‌లో నాలుగు మూలలా గీతలు, వాల్చుతూ గీతలు, పది వేళ్లూ ఒకేసారి, ఛార్జర్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి. ఛార్జర్‌తో కూడా చూడటం ఎందుకంటే, ఇంట్లో ఎర్త్ సరిగ్గా లేకపోయినా, నాసిరకం ఛార్జర్ అయినా, ప్లగ్ పెట్టినప్పుడు మాత్రం తెర ఒక్కోసారి తనంతట తానే నొక్కుకుపోతూ ఉంటుంది. అది రిపేరు లోపం అనుకునే ప్రమాదం ఉంది. మొత్తం ఖర్చు స్క్రీన్‌కి చెప్పిన ధరలో చిన్న భాగమే అయ్యింది. బిల్లు మీద పార్ట్ నంబర్ రాయించుకున్నాను.

ఇంటికొచ్చాక టీవీకి కలిపితే, వేలు ల్యాప్‌టాప్ మీద పెడితే బాణం టీవీలో కదిలింది. ఇది చెడిపోవడం కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో ట్యాబ్లెట్ పీసీ సెట్టింగ్స్ తెరిచి సెటప్ నొక్కితే, టచ్ ఉన్న తెర ఏదో చూపించమంటుంది, చూపిస్తే సరిపోతుంది. పక్కనే ఉన్న క్యాలిబ్రేట్ బటన్ మాత్రం గురి తప్పుతున్నప్పుడే వాడాలి. అనవసరంగా వాడితే బాగున్నది చెడుతుంది. అలా అయితే రీసెట్ ఉంది.

పాత కేబుల్ అడిగి తెచ్చుకున్నాను. మేనల్లుడు మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, మొనలకి సూదులు తగిలించి, టచ్ పిన్నులు ఒక్కొక్కటే చూశాడు. యూఎస్‌బీకి కావాల్సినవి నాలుగు తీగలు. పవర్, గ్రౌండ్, డేటా రెండు. కేబుల్ చాపి ఉంచినప్పుడు నాలుగూ బీప్ అన్నాయి. నలిగిన చోట వంచగానే డేటా తీగల్లో ఒకదాని బీప్ ఆగిపోయింది, మిగతా మూడూ మోగుతూనే ఉన్నాయి.